ఎన్నడూ ఎండని బావి

ఓబుళమ్మ బావిలో చుక్క నీళ్లు లేవని బోడిగుట్టపల్లెలో అందరికీ తెలుసు. ఆ బావి ఎన్నడూ ఎండలేదని ప్రభుత్వానికి తెలుసు. ఈ రెంటిలో ఏది నిజమో తేలడానికి నలభై రెండు రోజులు పట్టింది. అన్ని రోజులూ నూట ఎనభై చీనీ బత్తాయి చెట్లు ఎండలో నిలబడి తీర్పు కోసం ఎదురుచూశాయి.

తప్పు ఓబుళమ్మదే. ఆమె కూడా ఒప్పుకుంటుంది. అయితే ఆ రోజు ఆమె స్థానంలో ఆ ఊరి ఏ తల్లి ఉన్నా అదే చేసేది.

మార్చి మొదటి వారంలో ఒక పొద్దున తోట ముందు తెల్లకారు ఆగింది. ఇద్దరు దిగారు. భుజం మీద మడత నలగని కండువాతో ఒక పెద్దమనిషి, చేతిలో దళసరి పుస్తకంతో ఒక అమ్మాయి. పెద్దమనిషి నలువైపులా చూసి, "ఈ కమతం మీదేనా అమ్మా? మీ వంశచరిత్ర తెలుసుకుందామని వచ్చాం," అన్నాడు.

ఓబుళమ్మ గబగబా కొంగు సర్దుకుంది.

ఆమె కొడుకు చెన్నప్పకు ముప్పై ఒకటి. సేద్యం చేసేవాడికి పిల్లనిచ్చేవాళ్లు లేక నాలుగేళ్లుగా సంబంధాలు వస్తున్నాయి, పోతున్నాయి. ఆ ప్రాంతంలో పిల్లనిచ్చేవాళ్లు ఎందుకు వచ్చారో పైకి చెప్పరు. మొన్నటివాళ్లు ఎద్దులు కొంటామని వచ్చారు. అంతకుముందువాళ్లు దారి తప్పామన్నారు. ఏ సాకుతో వచ్చినా చేసేది మాత్రం ఒకటే. తిన్నగా బావి దగ్గరికి పోతారు. ఒక రాయి తీసి లోపలికి వేస్తారు. చెవి పెట్టి వింటారు. బుడుంగుమంటే వచ్చి మంచం మీద కూర్చుని కాఫీ తాగుతారు. ఠంగుమంటే బస్సుకు టైమయిందంటారు. అబ్బాయి ముఖం చూసేది కాఫీ తాగాకే.

ఓబుళమ్మ బావి శివరాత్రికే ఠంగుమంది.

అందుకని ఆమె వచ్చినవాళ్లను బావికి వీపు పెట్టించి కూర్చోబెట్టింది. చెంబుల నిండా మజ్జిగ ఇచ్చింది. అమ్మాయి నేలమీది గులకరాయి ఒకటి ఊరకే చేతిలోకి తీసుకోబోతే, "ఎండకు కాలి ఉంటాది పాపా, చేతులు బొబ్బలెక్కుతాయి," అని లాగేసుకుంది.

"ఇంటిపేరు?" అన్నాడు పెద్దమనిషి.

"గజ్జెలోల్లం సార్."

"ఏడు తరాల పేర్లు చెప్పగలరా?"

ఇక అనుమానం లేదు. ఈ లోకంలో ఏడు తరాలు అడిగేది పిల్లనిచ్చేవాళ్లు తప్ప మరెవరు? ఓబుళమ్మ తొమ్మిది తరాలు చెప్పింది. తెలియని రెండింటినీ అప్పటికప్పుడు పుట్టించింది.

"బావి ఎవరు తవ్వించారు?"

"మా మామకు తాత, పెద్దోబన్న. మోట తోలిన బావి సార్ ఇది."

"ఎప్పుడైనా ఎండిందా?"

"ఎండేదా? ఆ మాటే మా ఇంట్లో ఎవురూ ఎరగరు. ఎన్నడూ ఎండలే. నూటెనభై చీనీ చెట్లకు రెండు పూటలా పారతాంది. ఊరు ఊరంతా వచ్చి తోడుకున్యా నాలుగో మెట్టు దిగదు."

"నాలుగో మెట్టు," అంటూ అమ్మాయి రాసుకుంది.

సరిగ్గా అప్పుడే బావిలోంచి చెన్నప్ప పైకి వచ్చాడు. అడుగున పూడిక తీస్తే ఎక్కడైనా ఊట తగులుతుందేమోనని తెల్లవారినప్పటి నుంచి తవ్వుతున్నాడు. నెత్తి నుంచి అరికాలి దాకా ఎర్రదుమ్ము.

"ఎవరమ్మా ఈ అబ్బాయి?"

"మా వాడే సార్. చెన్నప్ప. సేద్యమంతా వాందే. బీడీ కూడా తాగడు."

"బావిలో ఏం చేస్తున్నాడు?"

ఓబుళమ్మ కొడుకును ఒకసారి చూసింది. "ఈతాడతాండాడు," అంది.

"వారసుడు ఈతలో నిష్ణాతుడు," అన్నాడు పెద్దమనిషి. అమ్మాయి దాన్నీ రాసుకుంది. తర్వాత పద్నాలుగు పేజీల మీద ఓబుళమ్మ చేత సంతకాలు చేయించుకున్నారు. ఇంత పద్ధతైన సంబంధం ఆమె ఎక్కడా చూడలేదు. కారెక్కబోతున్న అమ్మాయిని ఆపి, "పాపా, చీనీపండ్లంటే నీకు ఇష్టమేనా?" అని అడిగింది.

"ఇష్టమేనమ్మా."

ఆ సాయంత్రమంతా ఓబుళమ్మ తనలో తాను నవ్వుకుంటూనే ఉంది.

*

పదిహేను రోజులకు తెల్లకారు మళ్లీ వచ్చింది. వెనకాల షామియానా సామాను వేసుకున్న ఆటో, ఫోటోలు తీసేవాడు, రాగిరేకు ఒకటి. ఓబుళమ్మ కొత్తచీర కట్టుకుని ఎదురువచ్చింది.

షామియానా కింద మైకులో తెలిసిందేమిటంటే, ఆ పెద్దమనిషి పేరు పరాంకుశం. కమత వంశచరిత్రల పరిరక్షణ సంస్థకు జిల్లా అధికారి. అమ్మాయి పేరు శశిరేఖ. చరిత్ర లేఖకురాలు. పొలాలు అమ్ముడుపోయి, కుటుంబాలు చెదిరి, రైతుల చరిత్రలు మట్టిలో కలిసిపోతున్నాయని ప్రభుత్వానికి బెంగ పట్టుకుంది. జిల్లాకు వంద కమతాల చరిత్రలు భద్రపరచాలని చట్టం చేసింది. మార్చి నెలాఖరుకు లక్ష్యం పూర్తి కావాలి కనుక, తొమ్మిది తరాల చరిత్రనూ తొమ్మిది రోజుల్లో అచ్చువేశారు.

"ఇందుమూలముగా," అన్నాడు పరాంకుశం మైకులో, "గజ్జెల వారి కమత చరిత్ర ఈ క్షణము నుండి సురక్షితము. సెక్షన్ ఏడు ప్రకారము ఇందులోని ప్రతి వాక్యమూ యథాతథముగా పరిరక్షింపబడును. సెక్షన్ పందొమ్మిది ప్రకారము దీనికి విరుద్ధముగా పలుకువారు, వారు ఆ కుటుంబీకులే అయినప్పటికీ, ఆరు నెలల జైలుశిక్షకు అర్హులు."

అందరూ చప్పట్లు కొట్టారు. అచ్చయిన సంపుటం నాలుగు ప్రతి ఒకటి ఓబుళమ్మ చేతిలో పెట్టారు. బావిగట్టు మీద రాగిరేకు బిగించారు. 'పెద్దోబన్న బావి. ఈ బావి ఎన్నడూ ఎండలేదు.' రేకు బిగించేవాడి చేతిలోంచి ఒక మేకు జారి బావిలో పడింది. ఠంగుమంది. అది ఎవరికీ వినబడలేదు. విన్నవాళ్లు సెక్షన్ పందొమ్మిదిని తలుచుకున్నారు.

ఓబుళమ్మ శశిరేఖను పక్కకు పిలిచింది. "పాపా, అయితే నువ్వు పెండ్లిపిల్లవు కాదా?"

"నాకు పెళ్లయి ఇద్దరు పిల్లలమ్మా. పెద్దది రెండో తరగతి."

ఓబుళమ్మ అప్పటికే ఆమె చేతిలో పెట్టిన చీనీపండ్ల సంచి వైపు చూసింది. దాన్ని మాత్రం వెనక్కి తీసుకోలేదు.

*

ఆ ఏటి కాపు పోయినా ఫరవాలేదు. కానీ చెట్లు పోతే లేవు. పదకొండేళ్ల చెట్లు అవి. ఓబుళమ్మ, ఆమె భర్త కలిసి నాటారు. నాటిన మూడో ఏడు ఆయన పోయాడు. తోట కాయలు పట్టడం ఆయన చూడలేదు. అప్పటి నుంచి ఓబుళమ్మ ఒక్కో చెట్టును ఒక్కో మనిషిలా చూసుకుంటోంది.

ఇప్పుడు తల్లీకొడుకులు పొరుగూరి బోరు నుంచి ఎడ్లబండి మీద రెండు డ్రమ్ముల నీళ్లు తెచ్చి పోస్తున్నారు. చెట్టుకో బిందె. రోజుకు ముప్పై చెట్లు. ఒక చెట్టు రెండో బిందె చూడాలంటే ఆరు రోజులు ఆగాలి. బావిని ఇంకో ఇరవై అడుగులు లోతు చేస్తే ఊట తగులుతుందని తవ్వేవాళ్లు చెప్పారు. క్రేను కూడా తెచ్చారు. గట్టు మీది రాగిరేకు చదివి, క్రేను ఎక్కించుకుని వెళ్లిపోయారు.

ఓబుళమ్మ చెన్నప్పను వెంటబెట్టుకుని జిల్లా ఆఫీసుకు పోయింది.

పరాంకుశం మర్యాదగా కుర్చీలు వేయించాడు. చరిత్ర ఉన్నవాళ్లంటే ఆయనకు గౌరవం.

"బావిని లోతు చేసుకోవాల సార్," అంది ఓబుళమ్మ. "మీ రేకుంది గదా, అనుమతి కావాలంట."

"నీళ్లున్న బావిని లోతు చేయడం ఎందుకమ్మా?"

"నీళ్లు లేవు సార్."

"ఉన్నాయి." ఆయన పుస్తకం తెరిచాడు. "సంపుటం నాలుగు, పేజీ ముప్పై ఏడు."

"ఆ పేజీ చెప్పింది నేనే కదా సార్. లేవని ఇప్పుడు చెప్పేదీ నేనే."

"అప్పుడు మీరు చెప్పింది చరిత్ర," అన్నాడు పరాంకుశం ఓపికగా. "ఇప్పుడు మీరు చెబుతున్నది అభిప్రాయం."

చెన్నప్ప ముందుకు జరిగాడు. "ఒక్క పారి వచ్చి సూడండి సార్. కండ్లకు కనపడతాది."

"కంటికి కనబడేది ఈరోజుది మాత్రమే బాబూ. చరిత్ర నూరేళ్లది. దేన్ని నమ్మమంటావు?" ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. "అయినా మార్గం లేకపోలేదు. బావి లోతు ముప్పై ఆరు అడుగులుగా పెద్దోబన్నగారు నిర్ణయించారు. ఆయన సమ్మతి ఉంటే మార్చవచ్చు. ఫారం పదకొండు. సంతకం చేయించుకు రండి."

"ఆయప్ప సచ్చిపోయి ఎనబై ఏండ్లయింది సార్," అంది ఓబుళమ్మ.

"మరణ ధ్రువీకరణ పత్రం ఉందా?"

"ఆ కాలంలో అయ్యి యాడిస్తాండ్రి?"

"అయితే రికార్డుల ప్రకారం ఆయన జీవించే ఉన్నారు. అదీ మీకు అనుకూలమే. మరణించి ఉంటే సంతకం చేయించడం కష్టమయ్యేది."

బస్సులో వస్తూ చెన్నప్ప ఫారం పదకొండును మడిచి విసనకర్ర చేసుకున్నాడు.

*

కథ అక్కడితో ఆగేదే. కానీ సంపుటం నాలుగును తాగునీటి విభాగం వాళ్లు కూడా చదివారు.

బోడిగుట్టపల్లెకు రోజూ వచ్చే మంచినీళ్ల టాంకరు ఉగాది మర్నాడు రాలేదు. దాని బదులు పంచాయతీ గోడ మీద ఒక నోటీసు వచ్చింది. 'గ్రామమునకు మూడు వందల గజముల దూరములో ఎన్నడూ ఎండని బావి కలదని, ఊరంతా తోడుకున్ననూ నాలుగో మెట్టు దిగదని ప్రభుత్వ ప్రచురణ ద్వారా తెలియవచ్చినందున టాంకరు రద్దు చేయడమైనది.'

గంటలో నలభై మంది ఆడవాళ్లు బిందెలతో ఓబుళమ్మ తోటకు వచ్చారు. ముందు నడిచింది పక్కింటి సాలమ్మ.

"ఏం ఓబులక్కా, నాలుగో మెట్టు యాడుండాది? సూపీ, దిగుతాం."

"పెండ్లోల్లనుకున్యా సాలమ్మా. నీ తోడు."

"పెండ్లోల్లకు నీ బాయి ఎండలేదని చెప్పు. మా నోటికాడి నీళ్లెందుకు పోస్తావు అందులోకి? ఊరంతా తోడుకున్యా అన్నెవంట. ఊరి పేరు ఎవురెత్తమన్నెరు నిన్ను?"

"నువ్వు మీ పెద్దోని సంబందానికి ఏం చెప్పినావో నాకు తెలీదా?" అంది ఓబుళమ్మ. "ఆ పొద్దు మా ఇంటి నుంచి నాలుగు బిందెలు తీస్కపోయి మీ తొట్టిలో పోస్కోలేదా?"

సాలమ్మ తగ్గింది. "నేను తొట్టితో ఆగినా గదక్కా," అంది. "పుస్తకాలకెక్కలే."

నలభై బిందెలూ వరసగా గట్టు మీద పెట్టి ఒక అర్జీ రాశారు. బావిని తనిఖీ చేయమని.

తనిఖీ బృందం వారంలోగా వచ్చింది. పరాంకుశం, శశిరేఖ, వాళ్ల వెంట నల్లకళ్లద్దాలు పెట్టుకున్న జలమట్ట నిపుణుడు ఒకాయన. నిపుణుడు గట్టు మీద నిలబడి లోపలికి తొంగిచూశాడు. అడుగున బండలు, బండల మధ్య ఎండిన నాచు, ఆ రోజు పడిన మేకు, అన్నీ కనిపించాయి. చాలాసేపు చూశాడు.

"రాసుకో అమ్మా," అన్నాడు శశిరేఖతో. "నీరు అత్యంత స్వచ్ఛముగా ఉన్నది. ముప్పై ఆరు అడుగుల లోతున గల చిన్న మేకు సైతము స్పష్టముగా గోచరించుచున్నది."

సాలమ్మ ఒక రాయి తీసి లోపలికి విసిరింది. ఠంగుమని ఊరవతల దాకా వినిపించింది.

"ఇదేం సప్పుడు సార్?"

"ధ్వని ప్రమాణం కాదమ్మా. మా ఫార్మాట్‌లో ధ్వనికి గడి లేదు."

పరాంకుశం పుస్తకం తిరగేశాడు. "మరో అంశం మిగిలింది. వారసుడి ఈత. పేజీ ముప్పై ఎనిమిది. ఫోటో లేదని ఆడిట్ వాళ్లు అడుగుతున్నారు."

చెన్నప్ప తల్లి ముఖం చూశాడు. తల్లి నేల ముఖం చూసింది. చెన్నప్ప మెట్లు దిగి అడుగుకు పోయాడు. బండల మీద బోర్లా పడుకున్నాడు.

"ఇట్లనా సార్?" లోపలి నుంచి అతని గొంతు గుండ్రంగా వినిపించింది.

"చేతులు కొంచెం విశాలంగా," అన్నాడు పరాంకుశం. "కాళ్లు కూడా ఆడించాలి. భేష్."

నాలుగు ఫోటోలు తీశారు. తనిఖీ నివేదికలో ఏముందో తర్వాత తెలిసింది. బావిలో నీరు పుష్కలం. వారసుడు నీటి అట్టడుగున ఏడు నిమిషాలు శ్వాస తీసుకుంటూనే ఈదగలిగారు. ఈ అరుదైన ప్రతిభను క్రీడల శాఖ దృష్టికి తీసుకుపోవలెను.

వెళ్లేముందు శశిరేఖ ఓబుళమ్మ దగ్గర ఆగింది. "క్షమించండమ్మా. నాకు కూడా బండలే కనిపించాయి," అంది మెల్లగా. "కానీ నేను లేఖకురాలిని. చెప్పింది రాయాలి గానీ చూసింది రాయకూడదు."

"దానికేముంది పాపా. నేనూ సూసింది చెప్పలే గదా."

శశిరేఖ రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "పుస్తకం మొత్తం చదివారా? అందరూ తమ తాతల పేర్లున్నంత వరకే చదివి మూసేస్తారు. వెనకాల చట్టం కూడా అచ్చువేశాం," అని కారెక్కింది.

*

ఓబుళమ్మ ఆ మాట పట్టించుకోలేదు. అప్పటికి ఆమె చెట్లు లెక్కపెట్టుకుంటోంది. ఇరవై మూడు పోయాయి. ఇంకో నలభై ఆకు ముడుచుకున్నాయి. మధ్యాహ్నం డ్రమ్ములు దించి చెన్నప్ప మొదటి వరసలోని చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. అది వాళ్ల నాన్న తన చేత్తో నాటిన మొదటి మొక్క. దాని కొమ్మ ఒకటి విరిస్తే పుటుక్కున విరిగింది. లోపల పచ్చ లేదు.

"మా, కొట్టేద్దాం," అన్నాడు చెన్నప్ప. "ఉన్నెకాడికి కట్టెలకన్నా పోతాయి. నేను బెంగుళూరు పోతా. మేస్త్రీ పని ఉండాదంట."

ఓబుళమ్మ ఆ కొమ్మను చేతిలోకి తీసుకుంది. చాలాసేపు దాని తొక్కను గోటితో గీకింది. ఒకచోట సన్నగా, దారమంత పచ్చ కనిపించింది.

"ఆ పుస్తకం తీస్కరా," అంది.

"దేనికి?"

"నేను చెప్పిన అబద్దాలు నాకు తెలుసు. వాళ్లు చెప్పినవేందో చదువు."

చెన్నప్ప చదివాడు. సెక్షన్ ఏడు. సెక్షన్ పందొమ్మిది. పశువుల వంశవృక్షాల మీద ఆరు సెక్షన్లు. వాళ్లకు కునుకు పడుతుండగా సెక్షన్ ముప్పై ఒకటి వచ్చింది. చెన్నప్ప దాన్ని మూడుసార్లు చదివాడు. మూడోసారి ఇద్దరూ లేచి నిలబడ్డారు.

మర్నాడు పొద్దున ఆఫీసు తెరవకముందే ఇద్దరూ మెట్ల మీద ఉన్నారు. అర్జీ ఇచ్చి, ముద్ర వేయించుకుని, నకలు జేబులో పెట్టుకున్నాకే పరాంకుశం గదిలోకి పోయారు.

ఆయన చదవడం మొదలుపెట్టాడు. 'మా బావి ఎన్నడూ ఎండలేదు. ఆ సంగతి తమరే పుస్తకంలో వేసి, తనిఖీ చేసి, ఫోటోలు తీసి ధ్రువపరచినారు. అయితే తనిఖీ అయిన తర్వాత నుంచి అందులోని నీళ్లు కనబడుట లేదు. తమ సంరక్షణలో ఉన్న చరిత్రకు నష్టం వాటిల్లినది. సెక్షన్ ముప్పై ఒకటి ప్రకారం నష్టపోయిన చరిత్రను నలభై ఎనిమిది గంటలలో పుస్తకంలో ఉన్న స్థితికి తెచ్చు బాధ్యత జిల్లా అధికారి స్వయముగా వహించవలెను. లేనిచో సస్పెన్షన్. నకలు కమిషనర్‌గారికి పంపడమైనది.'

పరాంకుశం కండువాతో మెడ తుడుచుకున్నాడు. "ఇది ఎవరు రాసిచ్చారమ్మా?"

"మేమే సార్. మీ పుస్తకం సూసి ఎత్తి రాసినాం."

"మనలో మనకు అర్జీలెందుకు? బావి ఎండిపోయిందని ఒక్క ముక్క రాసివ్వండి. ఇప్పుడే, ఇక్కడే, తవ్వుకోవడానికి అనుమతి ఇస్తాను. పెద్దోబన్నగారి సంతకం నేను చూసుకుంటాను."

ఓబుళమ్మ నాలుక కరుచుకుంది. "ఎండిందని ఎట్లంటాం సార్? సెక్షన్ పందొమ్మిది. ఆర్నెల్లు జైలు."

"నేనే చెబుతున్నాను కదమ్మా, ఎండిపోయిందని."

"మీకూ అదే సెక్షన్ గదా సార్," అన్నాడు చెన్నప్ప.

పరాంకుశం కిటికీ వైపు, తలుపు వైపు, చివరికి సంపుటం నాలుగు వైపు చూశాడు.

"నాలుగో మెట్టు అన్నారు కదూ?" అన్నాడు నీరసంగా.

"నాలుగో మెట్టే సార్. రెండు పూటలా."

*

మొదటి టాంకరు మర్నాడు పొద్దున వచ్చింది. గొట్టం బావిలోకి వదిలితే ఆ నీళ్లను బండలు అరగంటలో తాగేశాయి. రెండోదీ అంతే. మూడో దానికి అడుగు తడిసింది. తొమ్మిదో దానికి మేకు మునిగింది. గడువు ఇంకో మూడు గంటలుందనగా, నలభై ఒకటో టాంకరుకు నీళ్లు నాలుగో మెట్టును తాకాయి. పరాంకుశం స్వయంగా మెట్టు దాకా దిగి, చెయ్యి ముంచి, ఫోటో తీయించుకున్నాడు. రాగిరేకు బిగించి అది నలభై రెండో రోజు.

చెన్నప్ప మోటరు వేశాడు. పాదుల్లోకి నీళ్లు పారుతుంటే ఎండిన నేల బుసబుసమంది. మొదటి వరస మొదటి చెట్టు దగ్గర ఓబుళమ్మ కూర్చుంది. నీళ్లు కాళ్ల కింద నుంచి పోతున్నా లేవలేదు.

నీళ్లు మూడో మెట్టుకు ఎక్కడానికి లేదు, ఐదో మెట్టుకు దిగడానికి లేదు. కనుక రోజూ టాంకర్లు రావలసిందే. ఆఫీసు ఫైళ్లలో దానికి 'చరిత్ర భర్తీ' అని పేరు పెట్టారు. ఊరంతా తోడుకున్నా తగ్గదన్న వాక్యం నిలబడాలంటే ఊరంతా తోడుకోవాలి కూడా. అవి సంస్థ నీళ్లని జంకి రెండు రోజులు ఎవరూ రాకపోయేసరికి సంస్థ దండోరా వేయించింది. నలభై బిందెలూ మళ్లీ వచ్చాయి. పాత టాంకరు రోజుల్లో ఇంటికి నాలుగు బిందెలు. ఇప్పుడు లెక్కలేదు.

"ఓబులక్కా," అంది సాలమ్మ బిందె ఎత్తుకుంటూ, "మూడెకరాల వరి కూడా పండుతాదని చెప్పింటే పోయేది గదా."

"మతికి రాలేదు సాలమ్మా."

ఒక చిక్కు మాత్రం వచ్చింది. చెన్నప్పకు ఈత రాదు. పుస్తకంలో నిష్ణాతుడని ఉంది. సంస్థ జిల్లా కేంద్రం నుంచి ఒక శిక్షకుణ్ణి పంపింది. ఆయన చెన్నప్ప నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి పదహారు రోజులు నీళ్లలో తిప్పాడు. పదిహేడో రోజు చెన్నప్ప చరిత్రకు తగ్గట్టుగా ఈదాడు.

ఆ ఎండాకాలం జిల్లాలో నీటిమట్టం పెరిగిన బావి అదొక్కటే. దానికి గాను పరాంకుశానికి శాలువా కప్పారు. సన్మాన సభలో ఆయన, "చరిత్రను మనం కాపాడితే చరిత్ర మనల్ని కాపాడుతుంది," అన్నాడు. ఆ ముందటి వారమే తన సొంతూళ్లోని కమతాన్ని పథకంలో చేర్చమని ఆయన పెట్టుకున్న దరఖాస్తు సంగతి సభలో ఎవరూ ఎత్తలేదు.

*

జూన్ మొదట్లో నూట యాభై ఏడు చెట్లు కొత్త చిగురు వేశాయి. ఒకరోజు పొద్దున పంచె కట్టుకున్న మనిషి ఒకాయన తోటలోకి వచ్చాడు. పేరు ఈశ్వరయ్య అన్నాడు. ఏటి అవతలి ఊరు.

"ఎద్దులేమన్నా అమ్ముతారేమోనని వచ్చినాక్కా."

ఓబుళమ్మ కొంగు సర్దుకుంది. ఆయన ఎద్దుల వైపు చూడనైనా చూడకుండా బావి దగ్గరికి నడిచాడు. రాయి తీశాడు. వేశాడు.

బుడుంగుమంది.

ఈశ్వరయ్య తల ఊపాడు. కానీ మంచం దగ్గరికి రాలేదు. వంగి రాగిరేకు మీది అక్షరాలను వేలితో తడుముతూ చదివాడు. మెట్లు లెక్కపెట్టాడు. అంతలో తోట దారిలో టాంకరు వచ్చి, వెనక్కి తిరిగి, గొట్టం బావిలోకి వదిలింది. ఇంతకాలం ఏ సంబంధం వాళ్లు వచ్చినా ఓబుళమ్మకు ఒక అబద్ధం సిద్ధంగా ఉండేది. ఈసారి వెతికితే దొరకలేదు.

"పొద్దున ఇరవై, మాపుటేల ఇరవై వస్తాయన్నా," అంది. "బాయి మటుకు ఎండింది. శివరాత్రికే. ఉండేది చెప్తాండా. బస్సుకు టైమయిందంటే పోయిరా."

ఈశ్వరయ్య కదల్లేదు. టాంకరు ఖాళీ అయ్యేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"మా బాయి గట్టు మీద కూడా ఇదే రేకుండాదక్కా," అన్నాడు చివరికి. "పెండ్లీడుకొచ్చిన బిడ్డుండాది నాకు. కారులో వచ్చి ఏడు తరాలు అడిగితే మగపెండ్లోల్లనుకున్యా. ఎన్నడూ ఎండలేదని చెప్పేసినా." ఆయన గొంతు తగ్గించాడు. "మాకు టాంకరు ఇంకా రాలేదు. మీరు ఏ సెక్షన్ కింద పెట్నారక్కా అర్జీ?"

ఓబుళమ్మ మంచం వాల్చింది. చెన్నప్పను కాఫీ పెట్టమంది. తాను లోపలికి పోయి సంపుటం నాలుగు తెచ్చి, ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసి కూర్చుంది.

"సెక్షన్ యాడికి పోతాది గానీ అన్నా," అంది, "ముందు మీ పిల్ల పేరేందో చెప్పు."